గోల్కొండకు వెళ్తే ఆ చీకటి గదిలో ఐదు నిమిషాలు కూర్చోండి

హైదరాబాద్‌లో ఉండి గోల్కొండ చూడనివాళ్ళు తక్కువే. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడతాం, ఆ చప్పుడు ఎక్కడో కొండమీద బాలాహిస్సార్‌లో వినపడుతుందంటే ఆశ్చర్యపోతాం, ఎక్కి నాలుగు ఫొటోలు దిగుతాం, సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో చూసి ఇంటికొస్తాం. ఇంతేగా! పైకి వెళ్ళే దారిలో రామదాసు బందిఖానా ఉంది. చాలామంది తొంగిచూసి కదిలిపోతారు. ఈసారి లోపలికి వెళ్ళండి.

ఎత్తైన గోడలు, అంతంత మాత్రం వెలుతురు. గోడమీద సీతారామలక్ష్మణులు, హనుమంతుడు. కంచర్ల గోపన్న స్వయంగా చెక్కుకున్నాడని చెబుతారు. 12 ఏళ్ళు ఇక్కడే ఉన్నాడట.

ఎందుకున్నాడు? ఇక్కడ కాస్త నిజాయితీగా మాట్లాడుకుందాం. ఆయన పాల్వంచ పరగణాకు తహసీల్దారు. వసూలైన శిస్తు గోల్కొండ ఖజానాకు చేరాలి. ఆ డబ్బుతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడు, నగలు చేయించాడు. పని గొప్పదే. కానీ డబ్బు ఎవరిది? రేపు మీరు ఆఫీసు కార్డు గీకి గాలిగోపురం కట్టిస్తే మీ మేనేజర్ దండం పెడతాడా? తానీషాను విలన్‌ను చేసి కథ చెప్పడం తేలిక. లెక్క అడగడంలో ఆయన తప్పు నాకైతే కనిపించదు. కొరడా దెబ్బల సంగతి వేరు.

మరి రాముడేం చేశాడు? కథ మీకు తెలిసిందే. రామలక్ష్మణులు మారువేషంలో అర్ధరాత్రి తానీషా దగ్గరికి వెళ్ళి ఆరు లక్షలూ కట్టేశారు, రశీదు తీసుకున్నారు. గమనించారా? స్వామి బాకీ మాఫీ చేయించలేదు. తలుచుకుంటే జైలు గోడ కూలగొట్టలేడా? నా భక్తుడు కాబట్టి వదిలెయ్ అనలేదు. పైసాతో సహా కట్టాడు. పైగా దర్శనం ఎవరికి దొరికింది? ఏళ్ళ తరబడి ఏడ్చిన గోపన్నకు కాదు, లెక్క అడిగిన పాదుషాకు!

ఇంకో మాట. ఆ గదిలో గోపన్న బుద్ధిగా జపం చేసుకుంటూ కూర్చోలేదు. నీకు, సీతమ్మకు, తమ్ముళ్ళకు ఏ నగ చేయించానో లెక్కలు చెప్పి మరీ రాముణ్ణి నిలదీశాడు. తర్వాత ఆ మాటలకు క్షమించమని కూడా పాడాడు. మనమేమో ఉద్యోగం రాకపోతే, పెళ్ళి సంబంధం తప్పిపోతే అలిగి పూజగది తలుపు మూసేస్తాం. తిట్టండి, పర్లేదు. మాట్లాడటం మాత్రం మానకండి.

మెట్లెక్కితే పైన జగదాంబ అమ్మవారి గుడి. ఆషాఢంలో నగరం బోనాలు మొదలయ్యేది ఈ కోటలోనే. కుదిరితే అప్పుడు రండి, జనం ఎక్కువే, నీళ్ళ సీసా మర్చిపోకండి.

కోటకు దగ్గర్లోనే కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు, అవీ చూడండి. వాటిలో చివరి పాదుషా తానీషాది మాత్రం ఉండదు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత లోపలివాళ్ళే తలుపు తీశారు, ఔరంగజేబు ఆయన్ను దౌలతాబాద్ కోటలో బంధించాడు. బందీగానే పోయాడు. ఆయన మొదలుపెట్టాడని చెప్పే ముత్యాల తలంబ్రాలు ఏటా శ్రీరామనవమికి ప్రభుత్వం తరఫున భద్రాచలం వెళ్తూనే ఉన్నాయి.