జననమునకు ముహూర్తమా?

నెలలు నిండిన ఆడపడుచు గల ఇంట మాటలన్నియు ఆమె చుట్టునే తిరుగుచుండును. తల్లి ఆమెకు సరిపడు వంటలు చూచుకొనును. తండ్రి ఆసుపత్రి వ్యయమునకై ధనము సమకూర్చుకొనును. దూరదేశమున నున్న అల్లుడు ప్రతిదినము ఫోనులో కుశలమడుగును. ఇంతవరకు అంతయు చూడముచ్చటయే. కాని ఈ కాలమున ఈ వరుసలో మరియొక పని వచ్చి చేరినది. తొమ్మిదవ నెల ప్రవేశించినంతనే పెద్దలలో నొకరు సిద్ధాంతిగారి యింటికి వెళ్లి, కాన్పు ఆపరేషనుకు మంచి ఘడియ వ్రాయించుకొని వచ్చి, ఆ కాగితమును వైద్యురాలి చేతిలో పెట్టుచున్నారు. శిశువు ఏ లగ్నమున పుట్టవలెనో ఇంటిల్లిపాది నిర్ణయింతురు. కత్తికి లోబడవలసిన దేహము ఎవరిదో ఆమెను అడుగువారు మాత్రము తక్కువ.

ఇది ధర్మమేనా యని విచారింపవలసి యున్నది.

గర్భాధానమునకు ముహూర్తము కలదు. పుంసవన సీమంతములకును, నామకరణ అన్నప్రాశనములకును కలదు. జననము సంస్కారము కాదు గనుక దానికి ముహూర్తము లేదు. జాతకర్మ సైతము శిశువు పుట్టిన పిదప చేయదగినదే. జ్యోతిషము పుట్టిన వేళను బట్టి ఫలము చెప్పును గాని, ఫలమును కోరి వేళను పుట్టింపదు. జన్మలగ్నము పూర్వకర్మకు సూచకమని నమ్మువారు, కత్తితో లగ్నమును మార్చినచో కర్మయు మారునని ఎట్లు నమ్మగలరు? ఎన్నుకొన్న ఘడియయు ప్రారబ్ధములోనిదే యందురా, సిద్ధాంతిగారికి సమర్పించిన దక్షిణ వృథా. కాదందురా, ఆ జాతకము ఎవరి కర్మను తెలుపుచున్నట్లు?

వైష్ణవుల యిండ్లలో ఈ ప్రశ్న మరింత సూటిగా తగులును. నవమి రిక్తతిథి యని శుభకార్యములకు విడిచిపెట్టుదురు. శ్రీరామచంద్రుడు నవమినాడే అవతరించెను. బహుళాష్టమిని ఎవరును కోరి పెట్టుకొనరు. రోహిణిలో పుట్టినవాడు మేనమామకు గండమని నేటికిని జంకుదురు. శ్రీకృష్ణుడు ఆ తిథిని, ఆ నక్షత్రమునే, అర్ధరాత్రమున, చెరసాలలో స్వీకరించెను. మేనమామకు గండము వచ్చిన మాట నిజమే. లోకమునకు మేలే జరిగినది.

శాస్త్రము తెలిసినవారు ఇచట ఒక ఆక్షేపణ చేయవచ్చును. ప్రహ్లాదుని తల్లి నారదమహర్షి ఆశ్రమమున తలదాచుకొని, తాను కోరినపుడు ప్రసవించునట్లు వరము పొందినట్లు భాగవతము చెప్పుచున్నది గదా. కాన్పువేళను కోరుకొనుట తప్పెట్లగును? ఆ ఘట్టమును నిదానముగా చూడవలెను. ఇంద్రుడు ఆ గర్భిణిని చెరపట్టి తీసికొనిపోవుచుండెను. శిశువు పుట్టినంతనే చంపవలెనని అతని తలంపు. భర్త తపస్సులో నున్నాడు. అట్టి భయములో ఆమె గర్భక్షేమమును, భర్త తిరిగి వచ్చువరకు ప్రసవము ఆగుటను కోరినది. కోరినది తల్లి, కోరినది బిడ్డ ప్రాణరక్షణకై. ఆమె ఆ దినములలో గ్రహబలమును విచారింపక మహర్షిని సేవించి ధర్మోపదేశమును వినుచుండెను. గర్భములోని శిశువును ఆ శ్రవణమే తీర్చినది. ఇచ్ఛాప్రసూతికి భాగవతము చూపిన ప్రమాణమిదియే. మంచి జాతకమునకై అత్తింటివారు, పుట్టింటివారు కలసి పెట్టు ఒత్తిడికి ఇందు తావెక్కడ?

తల్లికిగాని బిడ్డకుగాని అపాయము తోచినపుడు సిజేరియన్ శస్త్రచికిత్స భగవంతుడు వైద్యుని చేతి ద్వారా పంపిన రక్షణయే. దానిని కాదని మొండిగా కూర్చుండుట శరణాగతి యనిపించుకొనదు. అయితే అవసరము లేనిచోట అదియే హాని. ముప్పదితొమ్మిది వారములు నిండకముందే, నొప్పులు రాకుండగనే కోసి తీసిన శిశువులకు ఊపిరి యిబ్బందులు హెచ్చుగా వచ్చును. తల్లికి మరుసటి కాన్పులలో గర్భాశయపు మచ్చ చిట్లుట, మాయ క్రిందుగా అతుకుకొనుట వంటి ప్రమాదములు పెరుగును. పంచాంగములో ఈ దోషములకు శాంతి లేదు.

2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశమున నూటికి 21 కాన్పులు ఆపరేషను వలన జరుగగా, ఆంధ్రప్రదేశమున 42, తెలంగాణమున 60కి పైగా జరిగినవి. తెలంగాణమున ప్రైవేటు ఆసుపత్రులలో ఈ సంఖ్య 80ని దాటినది. నూటికి పది దాటిన పిదప ఈ శస్త్రచికిత్సల వలన మరణములు తగ్గుచున్నట్లు కానరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించినది. ఈ నేరమంతయు ముహూర్తములమీద మోపుట న్యాయము కాదు. సహజప్రసవము గంటల తరబడి సాగును, తరచు నడిరేయి వచ్చును. ఆపరేషను గంటలో ముగియును. రాత్రి డ్యూటీకి నర్సులు, మత్తుమందిచ్చు వైద్యులు, నెత్తురు నిల్వలు చాలని చోట కత్తియే సులువైన మార్గమగును.

అందుచేత ఇది రాజధర్మమునకు సంబంధించిన విషయము కూడ. 2005లో ఆంధ్రప్రదేశమున 108 అంబులెన్సు వచ్చినది. అదే యేట జననీ సురక్షా యోజన మొదలైనది. పల్లెలలో ఇంటి కాన్పులు తగ్గినవి. 2018-20 లెక్కలలో లక్ష సజీవ జననములకు తల్లుల మరణములు దేశమున 97 కాగా, తెలంగాణమున 43, ఆంధ్రప్రదేశమున 45. ఏలికలు తలచినచో ఏమి చేయగలరో దీనిచే తెలియుచున్నది. ఎన్నికలవేళ ఇంటికి వచ్చు అభ్యర్థిని రోడ్డు గురించి, పింఛను గురించి అడుగువారు, తమ ఊరి ఆరోగ్యకేంద్రమున రాత్రి రెండు గంటలకు ఎవరుందురని అడుగుట అరుదు. కడుపుతో నున్న బిడ్డ గల ఇంటివారైనను ఆ మాట అడుగవలెను.

ఇంటిలో చేయదగినవి ఇంకను కలవు. ఆపరేషను వలయునని చెప్పినపుడు కారణమేమని వైద్యురాలిని వినయముగా అడుగవచ్చును. ఆ ప్రశ్నను గర్భిణియే అడుగునట్లు, సమాధానము ఆమెయే వినునట్లు చూడవలెను. నెత్తురు ఇయ్యగల బంధువులెవరో ముందే తెలిసికొని యుంచవలెను. సాయంకాలము ఆమె చెవిని ఇరుగుపొరుగుల కాన్పు కష్టములు పడకుండ, రామాయణమో భాగవతమో ఎవరైన చదివి వినిపింపవలెను. ఇక సిద్ధాంతిగారియందు గౌరవము గలవారు ఆయన యొద్దకు తప్పక వెళ్లవచ్చును. బిడ్డ పుట్టిన ఘడియను సరిగా వ్రాసికొని, నామకరణమునకు మంచి దినము అడుగుటకు.