నడిమి అంకెలు

పూజకు కూర్చున్నవాడు ముందు సంకల్పం చెప్పుకోవాలి. అందులో సగం తేదీయే. బ్రహ్మగారి ఆయుష్షులో రెండో సగం, శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగం, అందులో మొదటి పాదం. ఇలా కోట్ల ఏళ్ల నుంచి దిగుతూ వచ్చి, ఉన్నట్టుండి ఆ ఏటి పేరు, 2025లో అయితే విశ్వావసు నామ సంవత్సరం, అనేస్తాం. ఆపైన అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి. నీళ్లు వదిలేస్తాం.

మొదటి పాదానికీ విశ్వావసుకీ నడుమ ఏముంది? ఏమీ లేదు. కలియుగం 4,32,000 ఏళ్లు, పాదం 1,08,000. ప్రభవ నుంచి అక్షయ దాకా ఉన్న అరవై పేర్లు ఆ ఒక్క పాదంలో 1,800 సార్లు తిరుగుతాయి. మనం చెప్పిన విశ్వావసు వాటిలో ఎన్నోదో సంకల్పం చెప్పదు. శాలివాహన శకమని పేరెత్తేవాళ్లు కూడా అంకె ఎత్తరు. పంచాంగం మొదటి పేజీలో కల్యబ్దం, శకాబ్దం అచ్చేసి ఉంటాయి, అయినా పీట మీద ఎవరూ వాటిని చదవరు. పెద్ద అంకెలున్నాయి, చిన్న అంకెలున్నాయి, నడిమివే లేవు.

ఇది నా కంట్లో పడటానికి కారణం నా ఉద్యోగం. మా నాన్న అద్దంకిలో పౌరోహిత్యం చేస్తారు. నేను అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని, 1998, 99ల్లో ఒక బీమా కంపెనీ ప్రోగ్రాముల్లో సంవత్సరాలు సరిచేశాను. ఆ పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి 'పిక్ 99' అని రాసి ఉండేది, అంటే రెండే అంకెలు. పంచ్ కార్డు మీద 80 గళ్లే ఉన్న రోజుల్లో, మెమరీ బంగారం ధర పలికిన రోజుల్లో, 19 అని ప్రతిసారీ రాయటం దండగ అనుకున్నారు. ఆ లెక్కన 00 వచ్చిన రోజున పాలసీదారు ఇంకా పుట్టనే లేదు.

అన్ని ఫైళ్లూ నాలుగంకెలకు పెంచే తీరిక ఎవరికీ లేదు. అందుకని గీత గీసేవాళ్లం: ఫలానా అంకెకు లోపైతే 20, పైనైతే 19. ఆ గీత ఎక్కడన్నది ఎవరిష్టం వాళ్లది. యూనిక్స్‌లో 69 నుంచి పాత శతాబ్దం. ఒరాకిల్ పద్ధతిలో 50 నుంచి. ఎక్సెల్‌లో చాలాకాలం 30 నుంచే. అందుకే 45 అని కొడితే ఒకచోట 1945, ఇంకోచోట 2045. అంకె అదే. చదివేవాడు ఏ కాలంలో నిలబడి ఉన్నాడని అనుకున్నామో అదే తేడా.

మా ఊళ్లో పెద్దవాళ్లూ ఈ గీతే గీస్తారు. "వాడు క్రోధిలో పుట్టాడు" అంటే 1964నా, 2024నా అని ఎవరూ అడగరు. ఎదురుగా మనిషి ఉన్నాడు, తల నెరిసి ఉంది, సరిపోయింది. మనిషి లేకపోతేనే చిక్కు. 1992లో అమెరికాలోని మిన్నెసోటాలో 104 ఏళ్ల ముసలమ్మకు కిండర్‌గార్టెన్‌లో చేరమని ఉత్తరం వెళ్లింది. ఆమె పుట్టిన 88ని కంప్యూటరు 1988 అనుకుంది. జనం నవ్వుకున్నారు. మనం మాత్రం అరవై నిండినాయనను పీటల మీద కూర్చోబెట్టి, తలంట్లు పోసి, అదే భార్యకు మళ్లీ తాళి కట్టిస్తాం. పుట్టిన ఏడు తిరిగొచ్చింది గనక లెక్క మొదటికి వచ్చిందంటాం. వాళ్ల ప్రోగ్రాములో అది తప్పు. మనం దానికి బంతిభోజనాలు పెడతాం.

అద్దంకికి పేరు తెచ్చిన పండరంగని శాసనం సంగతి చూడండి. తెలుగు పద్య శాసనాల్లో మొదటిదిగా చెప్పుకునేది, తరువోజలో ఉన్నది. సేనాని పండరంగడు బోయ కొట్టాలు గెలిచాడు, కందుకూరు పట్టాడు, ఆదిత్య భట్టారకుడికి భూమి ఇచ్చాడు. ఇదంతా ఎప్పుడు? రాజుకు పట్టం కట్టిన మొదటి ఏట. అంతే. శక సంవత్సరం అంకె వేయలేదు. చెక్కించినవాడికి ఆ అవసరం తోచలేదు, ఊరందరికీ తెలిసిన రాజే కదా. ఆ రాజు గుణగ విజయాదిత్యుడని, ఆ ఏడు క్రీ.శ. 848 ప్రాంతమని తేల్చటానికి పండితులు తూర్పు చాళుక్యుల వంశావళులు, పాలనాకాలాలు అన్నీ కూడికలు తీసివేతలు వేయాల్సి వచ్చింది. సంవత్సరాలను లెక్కగా నడిపే సూర్యుడికే దానమిస్తూ సంవత్సరం అంకె వదిలేశారు!

నా అభ్యంతరం ఇక్కడే. నోటి మాటకు పొడి అంకె చాలు. విన్నవాడు మన కాలంవాడే. రాయి అలా కాదు. ఇంకా పుట్టని వాళ్లు చదువుతారనే కదా రాతి మీద చెక్కేది. ఫైలూ అంతే. మా వైపు మిరప, పత్తి పెట్టుబడికి రాసుకునే ప్రాంసరీ నోటు ఈ సంగతి శాసనకర్త కంటే బాగా ఎరుగును. మూడేళ్లలో చెల్లు వేయించకపోతే నోటుకు కాలదోషం పడుతుంది, కనక తేదీయే దాని ప్రాణం. 2020లో తేదీ వేసేటప్పుడు ఉత్త 20 వేయొద్దని, పక్కన ఎవడైనా 19 చేరిస్తే 2019 అయిపోతుందని వాట్సాప్‌లో తెగ తిరిగింది. అందులో నిజముంది.

నాలుగంకెలు వేస్తే మాత్రం తేదీ పూర్తవుతుందా? అదీ కాదు. 32 బిట్ల యూనిక్స్ గడియారాలు ఇంకా మిగిలి ఉంటే 2038 జనవరి 19 ఉదయం మన టైము 8:44 దాటగానే 1901కి పోతాయి. మన్వంతరాల వరసలో పెట్టి చూస్తే 2025 కూడా పొట్టి అంకే. ఎంత పొడుగు రాసినా, ఎక్కడో ఒకచోట "మిగతాది నీకు తెలుసుగా" అని ఆగాల్సిందే. ఆ 'నీకు' ఎవరన్నదే ప్రశ్న.

సంకల్పంలో ఆ 'నీవు' దేవుడైతే ఆయనకు నడిమి అంకెలే కాదు, కల్పం పేరూ చెప్పక్కర్లేదు. మరి అది చెప్పి ఇది వదిలేయటం ఏమిటి? నాన్నను అడిగాను.

"ఆయనకు తెలీదనుకుని చెబుతున్నావుట్రా? గోత్రం చెప్పుకోవటంలా? నీకు తాత పేరు తెలుసు, ముత్తాత పేరు తెలుసు. ఆ పైన తిన్నగా ఋషి దగ్గరికి పోతావు. నడిమి వాళ్లంతా ఏరీ?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. గోత్రప్రవర కూడా ఋషుల పేర్లు చెప్పి, తర్వాత మన పేరు చెప్పేస్తుంది. నడిమి తరాలు అందులో ఉన్నాయి, కానీ పేర్లు లేవు. మొదలుకీ తనకీ సంబంధం ఉందని చెప్పుకోవటమే దాని పని, వంశవృక్షం గీయటం కాదు. సంకల్పమూ ఆ జాతిదే అయితే, దాన్ని దస్తావేజులా చదివి తప్పుపట్టటం నా ఉద్యోగం వల్ల అబ్బిన గుణం. ఇంతవరకూ ఒప్పుకుంటాను. శాసనాన్ని మాత్రం నాన్న లెక్కలో వదలను.

"పోనీ శకాబ్దం అంకె ఒక్కటి చేరిస్తే నష్టమేంటి?" అన్నాను.

"నోటు రాసేటప్పుడు వేసుకో" అన్నారు.

ఆయనే లగ్నపత్రిక రాస్తే సంవత్సరం పేరు, మాసం, తిథి, లగ్నం రాశాక కింద క్రీస్తు శకం తేదీ నాలుగంకెలతో సహా వేసి, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకో కూడా రాస్తారు. కల్యాణ మండపం వాళ్లకు అది కావాలిట.