గుంత చూసిందెవరు, మీట నొక్కిందెవరు?

పునాది గుంతలో ఇనుము కట్టి కాంక్రీటు పోశాక, లోపల ఎన్ని ఊచలున్నాయో, ఎంత లావువో ఇక కంటికి కనబడదు. ఆ తరవాత గుంతకు సాక్ష్యం ఎంబుక్కే, అంటే కొలతల పుస్తకమే. అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) కొలిచి రాయడం, పైఅధికారి కొంతమేర తిరిగి కొలిచి సంతకం పెట్టడం, ఆపైన బిల్లు కదలడం మన ఇంజినీరింగ్ శాఖల్లో పాత పద్ధతే. ఇప్పుడా పుస్తకం కంప్యూటర్‌లోకి వెళ్లింది, సంతకం డిజిటల్ అయి వేలెడంత టోకెన్‌లోకి వెళ్లింది. ఆ టోకెన్ పిన్‌తో సహా ఆపరేటర్ సొరుగులో ఉందనుకోండి. గుంత చూడని ఆపరేటర్ మీట నొక్కుతాడు, ఇంజినీరు పేరు పడుతుంది. ఆ పనికి కర్త ఎవరు?

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం పనికి అయిదు కారణాలు చెబుతూ కర్తను, కరణాన్ని (పనిముట్టును) వేరువేరుగా లెక్కించింది. టోకెన్ కరణమే, బాధ్యత దాని మీదికి పోదు. 2000 నాటి ఐటీ చట్టం 42వ సెక్షన్‌దీ ఇదే దారి: టోకెన్‌లోని రహస్య కీ చేజారిందని సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు తెలియజేసేదాకా భారం దాని సొంతదారుదే. తెలియకుండా జరిగినదానికి ఫలం అనుభవించమనడం అన్యాయం కదా అంటారు. బిల్లులో ఏముందో ఇంజినీరుకు తెలియకపోవచ్చు, టోకెన్ ఇచ్చిన సంగతి మాత్రం తెలుసు. ఇవ్వడమూ ఒక కర్మే. అయితే ఒక్కడి నెత్తిన పది సైట్లు పెట్టి, సాయంత్రంలోగా అప్‌లోడ్ కావాలని ఒత్తిడి తెచ్చిన పైవాడికి ఇందులో వాటా లేదనడం నాకు మింగుడుపడదు. చట్టం చూపు అక్కడిదాకా వెళ్లడం అరుదు.

కాగితం మాత్రం నిజం చెప్పిందా అన్న ప్రశ్న ఇంకా గట్టిది. ఆఫీసులో కూర్చుని రాసిన కొలతలు మనకు కొత్త కావు. పైగా ఇప్పుడు సైట్ ఫొటోకు అంటుకునే సమయం, స్థలం వివరాలు అలాంటి దొంగరాతల్ని పట్టిస్తున్నాయి. ఒప్పుకోవాల్సిందే. కానీ పుస్తకంలో అబద్ధం రాయాలంటే ఎవరో ఒకరు తన చేత్తో రాయాలి. తెర మీద ఒకడు నిన్నటి కొలతలు కాపీ చేస్తాడు, ఇంకొకడు అప్‌లోడ్ చేస్తాడు, మూడోవాడి సంతకం పడుతుంది. అబద్ధం తయారవుతుంది, ఆడినవాడు మాత్రం దొరకడు. వివాదం కోర్టుకెక్కితే ఈ కంప్యూటర్ రికార్డుకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. పరికరం బాధ్యత చూసే వ్యక్తీ, నిపుణుడూ ఇద్దరూ దాని మీద సంతకం చేయాలి. అసలు పరికరాన్ని కోర్టు ముందుంచకపోతే ఇలాంటి పత్రం తప్పదని పాత సాక్ష్య చట్టం కింద 2020లోనే సుప్రీంకోర్టు అర్జున్ పండిత్‌రావ్ కేసులో తేల్చింది. యంత్రానికీ పూచీ పడే మనిషి ఉండాలని చట్టం అడగడం మంచిదే. కానీ ఆ ఇద్దరూ పూచీ పడేది రికార్డు ఏ పరికరం నుంచి, ఎలా వచ్చిందన్నదానికి. ఊచల లెక్కకు కాదు. గుంత దగ్గర ఎవరు నిలబడి కొలిచారో చెప్పే గడి ఆ ధ్రువపత్రం నమూనాలో లేదు.