బురద ఎండకమునుపు

ధ్యాన భాగము: యోహాను 13:1-17



వానలు పడినవి. మన నల్లరేగడి పల్లెలలో డొంకలన్నియు బురదలైనవి. నాలుగు పల్లెల సంఘములను చూచు మావంటి కాపరులకు ఈ దినములలో బండితోనే బ్రదుకు. 1842లో హయ్యరు అయ్యగారు గుంటూరు చేరిన నాడు మోటారు సైకిలు అను మాటయే ఎవరును ఎరుగరు. మన పితరులయొద్దకు సువార్త కాలినడకనో, గుఱ్ఱముమీదనో, ఎద్దుబండిమీదనో వచ్చినది. నేడు పాలు పోయబోవువారును, ఎరువు బస్తా తెచ్చువారును, బడికి బిడ్డలను దించువారును బండిమీదనే పోవుచున్నారు. గనుక ఈ నెల బురదబండిని కడుగుటను గూర్చి వ్రాయుచున్నాము. నవ్వకుడి. మన ప్రభువు వలను గూర్చియు, పుల్లని పిండిని గూర్చియు, దివిటీలలోని నూనెను గూర్చియు మాటలాడెను గదా.

నల్లరేగడి గుణము మీరెరుగుదురు. తడిసినప్పుడు ఉబ్బి జిగురువలె పట్టును. ఎండినప్పుడు ముడుచుకొని రాయివలె గట్టిపడును. బురదలోనుండి వచ్చిన సాయంకాలమే రెండు బిందెల నీళ్లు పోసినయెడల అది దానంతటదే జారిపోవును. మూడు దినములు తాళినయెడల పుల్లతో పొడిచి పొడిచి తీయవలెను. చక్రమునకును మడ్గార్డునకును నడుమ చేరినది ఇటుకవలె బిగియును. బురద అదే, నీళ్లు అవే. తేడా యేదనగా ప్రొద్దు క్రుంకకముందు కడిగితిమా, తరువాతనా అనునదే. కోపము విషయమై పౌలు ఎఫెసీ సంఘమునకు పెట్టిన గడువును ఇదే గదా (ఎఫెసీ 4:26).

కడుగు విధము చెప్పెదము. మొదట ఇంజను చల్లారనియ్యవలెను. సైలెన్సరు నోటిని గుడ్డతో మూయవలెను. పని అయిన తరువాత ఆ గుడ్డను తీయవలెను. మేమొకసారి తీయ మరచి, ఆదివారము ఉదయము అరగంటసేపు కిక్కు కొట్టితిమి. సంఘమంతయు మందిరము ముందు నిలువబడి చూచెను. అది అటుండనిండు. తరువాత మగ్గుతోగాని చిన్న గొట్టముతోగాని మెల్లగా నీళ్లు పోసి, బురద నాననిచ్చి, మెత్తని గుడ్డతో తుడువవలెను. పట్టణములో కొందరు యంత్రముతో ఒత్తిడినీరు కొట్టుదురు. చూచుటకు బండి తళతళలాడును. అయితే ఆ నీరు చక్రముల నడుమనున్న బేరింగులలోనికిని చైను కీళ్లలోనికిని చొరబడి, అక్కడ ఉండవలసిన గ్రీజును సయితము కొట్టుకొనిపోవును. పైన మెరుపు, లోపల తుప్పు. కొన్ని ప్రసంగములును అట్టివే. మేమును అట్టివి చేసినవారమే.

ఇక చైను సంగతి. దీనియొద్ద కొంచెము నిలువవలెను. ఇప్పుడు బండ్లకున్న రోలరు చైనును 1880లో ఇంగ్లాండు దేశపు మాంచెస్టరు పట్టణమున హాన్స్ రెనాల్డ్ అను ఆయన ఏర్పరచెను. అందులో ప్రతి కీలునందును ఒక సన్నని పిన్ను, దానిపై బుష్షు అను చిన్న గొట్టము, దానిపై దొర్లెడు రోలరు ఉన్నవి. బురదలోని ఇసుకరేణువులు పాత నూనెతో కలిసి ఆ సందులలో చేరి ఆకురాయివలె అరగదీయును. చైను సాగినదని మనమందుము. ఇనుము సాగలేదు, ప్రియులారా. నూరుకు పైగా కీళ్లు ఒక్కొక్కటి వెండ్రుకవాసి అరిగినవి. అవన్నియు కలిసి చైను పొడుగైనది. ఏ ఒక్క కీలును విడిగా చూచినను తప్పు కనబడదు. మన ఇండ్లలో ఒక మాట, ఒక చిన్న అబద్ధము, ఒకరోజు మానిన ప్రార్థన కూడ ఈలాగే లెక్కకు రాక పోవుచుండును.

చైనును కిరసనాయిలుతో మెత్తని బ్రష్షుతో తోమవలెను. కిరసనాయిలు దొరకని చోట దుకాణములలో చైను కడుగు మందు అమ్ముదురు. పెట్రోలు వాడకుడి; అగ్ని భయము గలదు, కొన్ని చైనులలోని రబ్బరు వలయములును చెడును. ఇనుప బ్రష్షును వాడకుడి. తరువాత పొడిగుడ్డతో తుడిచి ఆరనిచ్చి, ఇంజను ఆపి, గేరు న్యూట్రలులో ఉంచి, వెనుక చక్రమును చేతితో త్రిప్పుచు, క్రింది వరుస లోపలితట్టున నూనె వేయవలెను. చక్రము తిరుగునప్పుడు ఆ నూనె వెలుపలికి నెట్టబడి కీళ్లలోనికి దిగును. ఇంజను నడుచుచుండగా ఈ పని చేసి వ్రేళ్లు పోగొట్టుకొన్నవారున్నారు. యౌవనస్థులారా, ఇది గట్టిగా చెప్పుచున్నాము. కొంతసేపాగి పైన మిగిలిన నూనెను తుడిచివేయవలెను. ఎక్కువ నూనె మేలని తలంచుట పొరపాటు. పైపైనున్న జిడ్డు దుమ్మును పిలుచును, లోపలికి దిగినదే పనిచేయును. బ్రేకులమీదను టైరుమీదను ఒక్క చుక్కయు పడరాదు. కడిగిన బండి ఎక్కినప్పుడు మొదట మెల్లగా పోవుచు బ్రేకులను మాటిమాటికి నొక్కి వాటి తడి ఆర్చవలెను.

కడిగి నూనె పూయక విడిచిన చైను ఒక్క రాత్రిలో ఎఱ్ఱని తుప్పు పట్టును. పూర్వము యోధులు డాళ్లకు చమురు పూసెడివారని యెషయా 21:5వలన తెలియుచున్నది. తోలుడాలు ఎండి పగిలిన యెడల బాణము ఆగదు. యుద్ధదినమున పూయుటకు తీరిక యుండదు; విందు బల్లయొద్ద కూర్చున్నవారికే ప్రవక్త ఆ మాట చెప్పెను.

ఇప్పుడు యోహాను 13కు రండి. పేతురు మొదట పాదములు కడుగనియ్యక, పిమ్మట చేతులును తలయు కూడ కడుగుమనెను. ప్రభువిచ్చిన ప్రత్యుత్తరమున గ్రీకు మూలములో రెండు వేరు మాటలున్నవి: స్నానము చేయుటకు ఒకటి, పాదములవంటి భాగమును కడుగుటకు మరియొకటి. స్నానము ఒక్కసారి అయినది. మరల బాప్తిస్మము పొంద పనిలేదు. కాని స్నానము చేసినవాడును దారిన నడచును, దారిలో మట్టి అంటును. మేము పదునేడేండ్లు ఈ భాగమును బోధించితిమి. నేర్చుకొన్నది ఒక రాత్రి.

మా సంఘములలో ఒకదాని పెద్దతో మందిరపు రేకుల చందా లెక్క విషయమై మాకు మాట పట్టింపు వచ్చినది. కమిటీలో పదిమంది ముందు మాట తూలినది మేమే. రెండు నెలలు ఆయన మాతోను మేము ఆయనతోను మాటలాడలేదు. ఆరాధన జరుగుచునే యుండెను, కానుకలు వచ్చుచునే యుండెను. ఒక ఆదివారము సాయంకాలము ఆ పల్లెనుండి బురదలో వచ్చి, అలసటచేత ట్యాంకును సీటును మాత్రము తుడిచి బండిని వసారాలో నిలిపితిమి. మూడు దినములు వాన లేదు. బండి శుభ్రముగానే కనబడెను.

బుధవారము రాత్రి ఫోను వచ్చినది. ఆ పెద్ద తల్లి, ఎనుబది యేండ్లు దాటిన మామ్మ, ప్రభురాత్రి భోజనము అడుగుచున్నదట. ఫోను ఆయన చేయలేదు, కుమారునిచేత చేయించెను. మేము బయలుదేరితిమి. చైను కరకరలాడుచుండెను, విని వినక పోయితిమి. డొంక నడుమ అది పళ్ళచక్రమునుండి జారి ఇరుకున చిక్కుకొని చక్రమును బిగబట్టినది. ఎంత లాగినను రాలేదు. బండిని తుమ్మచెట్టు క్రింద విడిచి, భోజనపు సంచి చంకనబెట్టుకొని, చీకటిలో నాలుగు కిలోమీటర్లు నడిచితిమి.

గడపయొద్ద ఆ పెద్ద చెంబుతో నిలువబడియుండెను. మా కాళ్లు మోకాళ్లవరకు బురద. "అయ్యగారూ, కాళ్లు చాపండి. అమ్మ ఇంకా ఉంది" అని చెప్పి ఆయనే వంగి నీళ్లు పోసి చేతితో బురద తోమెను. వద్దనవలెనని పేతురు మాట మా నోటివరకు వచ్చినది; ఆగిపోయినది. లోపల మామ్మకు మాట పడిపోయియుండెను. మమ్మును చూచెను. పెదవులు కదలినవి. ఏమి అడిగెనో, ఏమి చెప్పదలచెనో ఇప్పటికిని మాకు తెలియదు. ఒక గంట ముందు చేరియుండినయెడల తెలిసియుండును. తెల్లవారకముందే ఆమె ప్రభువునందు నిద్రించెను.

రేకుల లెక్క మాట ఆయన ఎత్తలేదు. తల్లి ప్రక్కన కూర్చున్న ఆయనతో మేమే ఎత్తి, క్షమించుమని అడిగితిమి. ఆయన కొంతసేపు ఊరకుండి, "ముందు అమ్మ పని కానివ్వండయ్యగారూ" అనెను.

సమాధి కార్యక్రమమైన మూడవ దినమున ఆయన ఒక సీసాలో కిరసనాయిలును పాత బ్రష్షును పట్టుకొని తుమ్మచెట్టు క్రిందికి వచ్చెను. ఇద్దరమును కూర్చుంటిమి. మడ్గార్డు క్రింద ఎండినదానిని పొడిచి తీయుటకే మధ్యాహ్నమైనది. చైను పనికిరాలేదు, క్రొత్తది వేయించితిమి.