మగ్గము నేయువాడును అడవి పువ్వును

దినమెల్ల శ్రమించువాడు కొంతసేపు నదిని, చెట్టును చూచుచు కూర్చుండుట సోమరితనమా?

తెలంగాణ నుండి వలసవెళ్లిన పద్మశాలి కుటుంబములు అనేకము సూరత్ నగరమందలి లింబాయత్ ప్రాంతమున నివసించుచున్నవి. వారిలో అనేకులకు మరమగ్గమే జీవనాధారము. మగ్గముల మోతలో ప్రక్కవాని మాట వినబడదు. 12 గంటల షిఫ్టు ముగిసిన పిమ్మటను ఆ మోత మనస్సులో నిలుచును. ఇల్లు చేరినవానికి చిన్న మాటకే కోపము రేగును.

ఆ నగరము నడుమనే తపతీ నది ప్రవహించుచున్నది. అది ముల్తాయి యొద్ద పుట్టి, మన గోదావరివలె తూర్పునకు గాక పడమరకు సాగి, అరేబియా సముద్రమున కలియును. దాని గట్టున అరగంట మౌనముగా కూర్చుండిన అలసిన మనస్సు కొంతైన నెమ్మదించును.

అయితే నది ఎల్లప్పుడును సౌమ్యముగా నుండదు. 2006 ఆగస్టులో, ఉకాయి జలాశయమునుండి నీరు విడువబడగా, అదే తపతి నగరములో అధికభాగమును ముంచెను. కనుక ప్రకృతి మనలను లాలించుటవలన గాదు, లోకభారమంతయు మన భుజములపైన లేదని చూపుటవలననే మనకు నెమ్మది కలుగుచున్నది.

అడవి పువ్వులను చూడుడని ప్రభువు చెప్పినది తీరికగలవారితో గాదు. అన్నవస్త్రములను గూర్చి చింతించువారితో. లోకమునకు వస్త్రము నేయువానికి ఆ మాటయందు హక్కు లేదా?

కావున ఆ అరగంటను సిగ్గుపడక తీసికొందము. మనయొద్ద పనిచేయువానికిని దానిని విడిచిపెట్టుదము. కూలి యిచ్చి విశ్రాంతిని దోచుకొనుట న్యాయము కాదు.