ఒక స్క్రూ తక్కువ

నిజం పూర్తిగా తెలియనప్పుడు, తెలిసినంతవరకైనా చెప్పాలా? చెప్పకపోతే అది అబద్ధమవుతుందా? ఈ ప్రశ్న నాకు ఏ గ్రంథంలోనూ ఎదురుకాలేదు. 2003లో, క్లాంగ్‌లో, ఒక కారు రిపేరు షాపులో ఎదురైంది.

అప్పట్లో నాకొక పాత కంచిల్ ఉండేది. 1994లో మలేసియా రోడ్ల మీదికొచ్చి 2009 దాకా తయారైన బుల్లి కారు అది. మలాయ్ కథల్లో పులినీ మొసళ్లనీ తెలివితో బోల్తా కొట్టించే మూషిక జింక పేరే దానికి పెట్టారు. నాది 660 సీసీది. మూడే సిలిండర్లు, కార్బురేటరు. ఒక ఆదివారం నేనే ఎయిర్ ఫిల్టరు విప్పి దులిపాను. మళ్లీ బిగిస్తుంటే ఒక స్క్రూ తక్కువైంది. కింద వెతికాను, కనబడలేదు. ఎక్కడో కాలవలో పడి ఉంటుందిలే అనుకుని స్టార్ట్ చేశాను. పోర్టులో సరుకు లెక్కలు రాసుకుని బతికేవాణ్ణి. ఒక్క పెట్టె తక్కువైనా లారీని గేటు దాటనిచ్చేవాణ్ణి కాదు!

మూడో రోజు, జాలాన్ తెంగ్కు కెలానాలో పూలదండల కొట్ల ముందు, ఇంజను టకటకా కొట్టుకోవడం మొదలెట్టింది. రెండు సిలిండర్ల మీదే ఈడ్చుకుంటూ షాపుకి చేరాను. టౌకే (ఇక్కడ షాపు యజమానిని అలాగే అంటారు) ప్లగ్గు తీసి చూపించాడు. దాని కొన నలిగి అతుక్కుపోయింది. ఇక నిప్పురవ్వ ఎలా వస్తుంది? హెడ్డు విప్పితే పిస్టన్ నెత్తిమీద స్ఫోటకపు మచ్చల్లా గుంటలు, మధ్యలో దిగబడిన ఇనుప ముక్క. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే పిస్టన్ సెకనుకు 50 సార్లు పైకొస్తుంది. పాడు చెయ్యడానికి చిటికెడు ఇనుము చాలు. అదృష్టం, సిలిండరు గోడలు గీసుకుపోలేదు, వాల్వులు వంగలేదు. గుంటల అంచులు సాపుచేసి, హెడ్డు చదును చేయించి, కొత్త గాస్కెట్ వేస్తే సరిపోతుందన్నాడు.

అంతటితో ఆగితే బాగుండేది. వారం కిందట ఆ కార్బురేటరు శుభ్రం చేసిన కుర్రాణ్ణి పిలిచి, "ఇది నీ పనే. సామాన్ల ఖర్చు నీ జీతంలో కోస్తా" అన్నాడు. వాడు పేరాక్‌లో బాగాన్ డాటో వైపు తెలుగు కుటుంబం వాడు. నన్ను మావయ్యా అని పిలిచేవాడు. తల వంచుకుని నిలబడ్డాడు. నేను నోరు మెదపలేదు.

ఇంటికొచ్చి నన్ను నేనే సమర్థించుకున్నాను. స్క్రూ లోపల పడటం నేను చూశానా? లేదు. వాడి చేతిలోంచే జారి ఉండొచ్చుగా? ఉండొచ్చు. "నాకు తెలియదు" అన్నది అక్షరాలా నిజం. కానీ ఆ తెలియకపోవడం నేను తెచ్చిపెట్టుకున్నదే. ఫిల్టరు మళ్లీ విప్పి టార్చిలైటు వేస్తే పది నిమిషాల్లో తెలిసేది. తెలిస్తే పని పెరుగుతుందని చూడలేదు. తెలియక చేసిన తప్పుకు క్షమాపణ ఉంటుంది. తెలుసుకోవడం ఇష్టంలేక చేసినదాన్ని ఏమనాలి? తప్పు నాదని తేలితే చెబుతాను అనుకోవడమూ మోసమే. నా దగ్గరున్న సాక్ష్యం నేను దాచుకుంటే, తేలేదల్లా ఆ కుర్రాడి మీదికే పోతుంది.

రెండు రోజులు పట్టింది నాకు. వెళ్లి చెప్పాను. టౌకే ఏమీ అనలేదు. నా కారులో మిగిలిన స్క్రూల పక్కన ఆ ముక్కను పెట్టి చూశాడు. పోల్చుకోలేనంతగా నలిగిపోయింది. అది నాదో, వాడిదో ఈనాటికీ తేలలేదు. సామాన్ల డబ్బు నేనిచ్చాను. కూలి టౌకే వదిలేశాడు. కారెక్కుతుంటే కుర్రాడు దగ్గరికొచ్చి, మెల్లగా, "ఆవేళ నేనూ లెక్కపెట్టలేదు మావయ్యా" అన్నాడు.

తిలా పాపం తలా పిడికెడు అన్నది, తప్పు పదిమందికీ పంచి తను జారుకునేవాడి సామెత అనుకునేవాణ్ణి. ఎవరి పిడికెడు వాళ్లు అడక్కుండానే తీసుకుంటే పక్కవాడి నెత్తిన బరువు తగ్గుతుందని ఆ రోజు తెలిసింది.

ఇప్పుడు ఏది విప్పినా స్క్రూలు ఒక పళ్లెంలో పోసుకుంటాను. ఒక్కటి తక్కువైనా తాళం తిప్పను.