వృద్ధరాజు ప్రజాగరము

మహాభారతమున ఉద్యోగపర్వమందు ఒక రాత్రి వర్ణింపబడినది. యుద్ధమింకను ప్రారంభము కాలేదు. పాండవులతో మాటలాడి వచ్చిన సంజయుడు ధృతరాష్ట్రుని మందలించి, ధర్మరాజు సందేశమును మరునాడు సభలో వినిపించెదనని చెప్పి, ప్రయాణపు బడలికతో సెలవు గైకొని పోయెను. ఆ సందేశమెట్టిదో తెలియక వృద్ధరాజునకు కన్ను మూతపడలేదు. అవయవములు మండుచుండగా ద్వారపాలకుని పంపి తమ్ముడగు విదురుని పిలిపించెను. ఈ ఘట్టమునకు ప్రజాగరపర్వమని పేరు. ప్రజాగరమనగా నిద్రలేక మేల్కొనియుండుట. విదురనీతియని ప్రసిద్ధి గాంచిన యెనిమిది యధ్యాయములును ఈ రాత్రి చెప్పబడినవే.

దానిని నీతిశాస్త్రముగా పఠించువారు పెక్కురు. కాని అది నిద్రపట్టని యొక ముసలివాని చెంత కూర్చుండి చెప్పిన మాటయని తలచువారు కొందరే.

అట్టి రాత్రులు నేటికిని ఎన్నియో యిండ్లలో గడచుచున్నవి. తలుపు గడియ వేసితినో లేదోయని వృద్ధులు మాటిమాటికి లేచి చూచుకొందురు. దూరదేశముననున్న కుమారుని ఫోను ఒకపూట ఆలస్యమైనచో కీడు శంకింతురు. పడిపోయినచో లేపువారెవరు, చేతిలోని సొమ్ము ఎన్నాళ్లు వచ్చును, మంచమున పడి పిల్లలకు బరువగుదునేమో యని లోలోన కుములుదురు. ఇంటివారు విసిగి, “ఇంత వయసు వచ్చియు దైవచింతన చేయక ఈ దిగులేల?” అందురు. దానితో భయమునకు సిగ్గు తోడగును. భయము తగ్గదు, దానిని చెప్పుకొనుట మాత్రము ఆగిపోవును.

విదురుడట్లు చేయలేదు. వేళకాని వేళ వచ్చిన పిలుపునకు విసుగుకొనక వచ్చెను. వచ్చినంతనే కారణము విచారించెను. బలవంతుని యెదిరించి నిలువలేనివాడు, సర్వస్వము కోల్పోయినవాడు, కామాతురుడు, దొంగ నిద్రకు దూరమగుదురని చెప్పి, పరుల సొత్తునాశించి పరితపించుట లేదు గదాయని అన్నను సూటిగా అడిగెను. చింతకు మూలమేదో తెలియనిదే ఉపశాంతి లేదు.

ఆ మూలము కొన్నిమార్లు దేహముననే యుండును. థైరాయిడ్ గ్రంథి అధికముగా పనిచేసినను, గుండెకో ఊపిరితిత్తులకో జబ్బు చేసినను, కొన్ని మందుల వలనను, సాయంకాలపు కాఫీ వలనను గుండెదడ, వణకు, నిద్రలేమి కలుగవచ్చును. చింత తానే యొక వ్యాధిగా ముదురుటయు కలదు. దానికి చికిత్స యున్నది. ఇదంతయు ముసలితనపు గుణమేయని యూరకుండరాదు, వైద్యుని చూడవలెను. మానసిక వైద్యుని సంప్రదించుట భక్తికి కొరత కాదు. వైద్యుని అడుగక నిద్రమాత్రలు మ్రింగుట మాత్రము వృద్ధులకు ప్రమాదకరము. తూలి పడుటకు అదియొక హేతువు. 2022లో భారత ప్రభుత్వము నెలకొల్పిన టెలి మానస్ సేవకు 14416 సంఖ్య ద్వారా రాత్రింబవళ్లు ఫోను చేసి, మాతృభాషలోనే బాధ చెప్పుకొనవచ్చును.

మరికొన్ని చింతలలో చేయవలసిన పని యొకటి దాగియుండును. వ్రాయని వీలునామా, తీర్చని బాకీ, ఏండ్ల తరబడి మాటలు లేని సోదరుడు: ఇవి పగలు మరుగునపడి రాత్రి లేచి కూర్చుండును. వీనికి మందు ఓదార్పు కాదు, ఆ పనియే. ధృతరాష్ట్రుని చింత యిట్టిది. పాండవుల భాగము పాండవులకిమ్మని విదురుడు రాత్రియెల్ల బోధించెను. రాజు కాదనలేదు. నీ మాటలు వినుచున్నపుడు మనసు పాండవులవైపు మొగ్గును, దుర్యోధనుని చేరగానే మరల వెనుకకు తిరుగునని ఒప్పుకొనెను. వినుట జరిగెను గాని చేయుట జరుగలేదు. తెల్లవారెను, చింత అట్లే నిలిచెను.

ఇక మూడవది మనచేత లేనిది. మరణమెప్పుడు వచ్చునో, ఎదిగిన బిడ్డల బ్రతుకులెట్లు సాగునో ఎవరి వశమునను లేదు. ఆ రాత్రియే విదురుని ప్రార్థనపై సనత్సుజాత మహర్షి వచ్చి రాజునకు మృత్యుతత్త్వమును బోధించెను. చేయదగినది చేసి, మిగిలినదానిని ఈశ్వరునకు అప్పగించుటయే శరణాగతి. అది ఒక్కనాటితో అలవడదు. పడుకొనుటకు ముందు నెమ్మదిగా శ్వాస విడుచుచు నామము స్మరించుట, ఉదయము తులసికి నీరు పోయుట, మనుమలకొక కథ చెప్పుట వంటి చిన్న నియమములు మనసునకు ఊతకఱ్ఱలు. చేయదగినదానిని చేయక దైవముపై పడవేయుట శరణాగతి కాదు.

యుద్ధమున నూర్గురు కుమారులును పోయిరి. ధర్మరాజు నీడలో పదునైదేండ్లు గడపిన పిమ్మట ధృతరాష్ట్రుడు ప్రజలను పిలిపించి, తన తప్పులు మన్నింపుడని వేడెను, చనిపోయినవారికి శ్రాద్ధదానములొనర్చెను, అనంతరము గాంధారీకుంతీ విదుర సంజయులతో అడవికి బయలుదేరెను. ఆ రాత్రి విడువలేని పట్టును నాడు విడిచెను. కాని మధ్య జరిగిన నష్టమునకు మేర లేదు.

వృద్ధులు తమ చింతను ఆత్మీయులతో చెప్పుకొనుటకు సిగ్గుపడరాదు, రాజే సిగ్గుపడలేదు. చేయవలసిన పని తోచినచో తెల్లవారగానే చేయవలెను. ఇంటివారు, పెద్దల గదిలో అర్ధరాత్రి దీపము వెలుగుచున్నచో, నీతి చెప్పుటకు ముందు ఆ మంచము ప్రక్కన కొంతసేపు కూర్చుండవలెను. విదురుని నీతులన్నియు కంఠస్థము కాకపోయినను కొరత లేదు. పిలిచినపుడు అతడు వచ్చెనను మాట మరువకున్న చాలును.